ఆంగ్లపదముల నేర్చుట యెట్లు?

పరభాషను నేర్వగోరు వానికి మొట్టమొదట కావలసినది పదసంపద. వ్యాకరణసూత్రములన్నియు కంఠస్థములైనను, మాటలు లేనివాడు నూలు లేని సాలెవాని వంటివాడు. మగ్గమెంత గట్టిదైనను వాడు గుడ్డ నేయజాలడు. ఈ విషయమున భేదాభిప్రాయము లేదు. భేదమంతయు మాటలను కూర్చుకొను విధమునందే కలదు.

పెక్కు పాఠశాలలలో నిందుకొక సులభమార్గ మలవాటైనది. ఆంగ్లపద మొకవైపు, దాని తెలుగు అర్థము మరియొకవైపు వ్రాసికొని, దినమునకు పది చొప్పున వల్లెవేయుదురు. నెల గడచునప్పటికి మూడువందల మాటలు పుస్తకములో చేరును. కాని ఆ విద్యార్థినే నిలువబెట్టి, "నిన్న బడికేల రాలేదు?" అని యాంగ్లమున నడిగినచో నోరు మెదపడు. మూడువందల మాటలలో నొక్కటియు నాలుకపైకి రాదు. అప్పుడు తల్లిదండ్రులు పిల్లవానికి తెలివి చాలదందురు; పిల్లవాడును దానినే నమ్మును. నిజమునకు లోపము పిల్లవాని యందు లేదు. మాటను నేర్చిన పద్ధతియందే కలదు.

ఒక మనుష్యుని పేరు విన్నంత మాత్రమున ఆతడు తెలిసినవాడు కాడు. ఆతని ముఖము చూడవలెను, గొంతు వినవలెను, ఆతడెవరితో కలిసి తిరుగునో, ఎచట మెలగునో యెరుగవలెను. మాటయు నట్టిదే. దానికొక వ్రాతరూపము, ఒక ధ్వని, ఒక యర్థము, ఒక ప్రయోగము కలవు. పట్టికలో వ్రాసి వల్లెవేసినవానికి వ్రాతరూపమును, అర్థములో సగమును మాత్రమే చిక్కును. ధ్వనియు ప్రయోగమును దక్కవు. నూరు మాటలను సగము సగముగా నెరుగుటకంటె ఇరువది మాటలను సమగ్రముగా నెరుగుటయే మేలు.

ముందుగా ధ్వనిని విచారింతము. తెలుగు లిపిలో వ్రాసినది వ్రాసినట్లే చాలవరకు చదువవచ్చును. ఈ సౌకర్యమున కలవాటుపడిన కన్ను ఆంగ్లపుటక్షరములను గూడ నట్లే నమ్మి మోసపోవును. దువ్వెనను 'కోమ్' అందురు. సమాధిని 'టూమ్' అందురు. పేలుడుగుండును 'బామ్' అందురు. ఈ మూడు మాటలకును చివర వ్రాయు అక్షరములు ఓ, ఎమ్, బి యనునవే. అయినను అచ్చులు మూడు విధములుగా పలుకును. బి యనునది మూడింటను పలుకనే పలుకదు. అక్షరములను చూచి యుచ్చారణ నూహించువాడు ఇచట తప్పక పొరపడును.

ఈ వైపరీత్యమునకు చారిత్రక కారణములు కలవు. విలియం కాక్‌స్టన్ 1476లో ఇంగ్లండునందు మొదటి ముద్రణాలయమును స్థాపించెను. అచ్చుపుస్తకములు వ్యాపించిన కొలది మాటల వ్రాతరూపములు క్రమముగా స్థిరపడసాగెను. అదేకాలమున దీర్ఘాచ్చుల యుచ్చారణ మారుచుండెను. ఆ మార్పు తరువాతను చాలకాలము సాగెను. నోరు ముందునకు నడచినది, వ్రాత వెనుక నిలిచిపోయినది. కత్తియను నర్థముగల 'నైఫ్' అను మాటకు మొదట వ్రాయు కె యనునక్షర మొకప్పుడు నిజముగా పలుకబడినదే. నేడది గుర్తుగా మాత్రము మిగిలినది. మరికొన్ని మాటలలో పండితుల చేతిపనియు కలదు. ఋణమను నర్థముగల 'డెట్' ఫ్రెంచినుండి వచ్చినపుడు దానిలో బి లేదు. లాటిను మూలమును జ్ఞాపకము చేయుటకై తరువాతి పండితులు దానిని చేర్చిరి. ద్వీపమను నర్థముగల 'ఐలండ్' అను మాటలోని ఎస్ వేరొక మాటతోడి పోలికచే చేరిన పొరపాటు. ఇట్టి కథలు తెలిసినచో ఆ యక్షరములు విద్యార్థికి విసుగు పుట్టింపవు; సరికదా, మరపునకు రావు.

ఉచ్చారణ విషయమున తెలుగు బాలునకు కొన్ని చిక్కులును, కొన్ని సౌకర్యములును కలవు. తెలుగు అజంతభాష. మాట చివర అచ్చు లేనిదే తెలుగు నాలుకకు తృప్తి లేదు. అందుచేతనే బస్సు, కారు, పెన్ను, రోడ్డు అను రూపము లేర్పడినవి. తెలుగు వాక్యములో నివి తప్పులు కావు; తెలుగు వానిని తనవిగా చేసికొన్నది. కాని ఆంగ్లవాక్యములో నా చివరి యుకారమును విడువవలెను. అట్లే ఎకారముతో మొదలగు మాటకు యకారమును, ఓకారముతో మొదలగు మాటకు వకారమును జోడించుట మరియొక యలవాటు. గ్రుడ్డును 'ఎగ్' అనుటకు మారుగా 'యెగ్గు' అనియు, పాతదానిని 'ఓల్డ్' అనుటకు మారుగా 'వోల్డ్' అనియు పలుకుదురు. ఆంగ్లమునందు వకారములును రెండు. ద్రాక్షతీగకును ద్రాక్షసారాయికిని గల పేర్లు రెండింటిని తెలుగులో 'వైన్' అనియే వ్రాయవలసివచ్చును. ఆంగ్లమున మొదటిదానిని క్రిందిపెదవిని పైపండ్లకు తాకించియు, రెండవదానిని పెదవులను గుండ్రముగా ముడిచియు పలుకుదురు.

ఇట్టి వివరణము తెలుగు విద్యార్థికి క్రొత్తది కాదు. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని ధ్వనులను పుట్టుచోటులను బట్టి విభజించిన వర్ణమాలనే ఆతడు మొదటి తరగతిలో నేర్చెను. తకారమునకు నాలుక పండ్లను తాకును. టకారమునకు మడతపడి యంగుడిని తాకును. ఆంగ్లపు 'టి' ధ్వనికి నాలుక కొన ఆ రెండింటికిని నడుమ, పైపండ్ల వెనుకనున్న చిగురుగట్టును తాకును. ఈ యొక్కమాటతో ఆతనికి విషయము బోధపడును. హ్రస్వదీర్ఘ భేదమునందును ఆతనికి తల్లిభాష తోడ్పడును. ఓడకు 'షిప్' అనియు గొర్రెకు 'షీప్' అనియు పలుకుటలోని తేడా ఆతడు కష్టపడి నేర్వనక్కరలేదు. ఎ, ఏ లకు వేర్వేరు లిపులుండుటచే పడమరయగు 'వెస్ట్' అనుదానిని వ్యర్థమగు 'వేస్ట్' అనుదానితో కలుపడు.

మిక్కిలి యుపేక్షింపబడుచున్నది ఊనిక. తెలుగులో నొక యక్షరమును ఊది పలికినంత మాత్రమున మాట యర్థము మారదు. ఆంగ్లమున మారును. 'ఆబ్జెక్ట్' అని మొదటి భాగమును ఊని పలికినచో వస్తువని యర్థము. 'అబ్జెక్ట్' అని రెండవ భాగమును ఊనినచో ఆక్షేపించుట యని యర్థము. 'ఫోటోగ్రాఫ్' అను మాటలో ఊనిక మొదటి భాగముపై నుండగా, ఆ విద్యను దెలుపు 'ఫొటాగ్రఫీ'లో నది రెండవ భాగమునకు జరుగును. ఊనిక లేనిచోట అచ్చు బలహీనమై నలిగిపోవును. 'అబౌట్' మొదటను, 'టీచర్' చివరను వినవచ్చునది యట్టి నలిగిన యచ్చే. మంచి నిఘంటువులలో ఊనిక పడు భాగమునకు ముందు పైభాగమున చిన్న నిలువుగీత నుంతురు. నలిగిన యచ్చునకు తలక్రిందులు చేసిన 'ఇ' అను ఆంగ్లాక్షరమును వ్రాయుదురు. పారిసులో 1886లో భాషోపాధ్యాయులు స్థాపించిన సంఘము కూర్చిన ధ్వనిలిపి యిది. డేనియల్ జోన్స్ 1917లో ఆంగ్లపదముల యుచ్చారణకై ప్రత్యేకముగా నొక నిఘంటువును ప్రకటించెను. ఒక ధ్వనికి ఒకటే గుర్తు, ఒక గుర్తునకు ఒకటే ధ్వని యనునది ఆ లిపి సూత్రము. తెలుగు వర్ణమాల నెరిగినవాడు దానిని చూచి భయపడ నక్కరలేదు.

"అట్లయిన ఇంగ్లీషువానివలెనే పలుకవలెనా?" యని కొంద రాక్షేపింతురు. అక్కరలేదు. లండనులో నొకవిధముగను, ఎడింబరోలో నొకవిధముగను, న్యూయార్కులో వేరొకవిధముగను ఆంగ్లమును పలుకుదురు. తెలుగునందును కోస్తా, రాయలసీమ, తెలంగాణము, ఉత్తరాంధ్రములకు వేర్వేరు యాసలు కలవు గదా! యాస వేరు, తప్పు వేరు. విన్నవానికి మాట బోధపడవలెను. అంతకుమించి యనుకరణ మవసరము లేదు. తరగతిలో నొకడు తప్పు పలికినపుడు తక్కినవారు నవ్వుట ఆ తప్పుకంటె పెద్ద తప్పు. నవ్వులపాలైన బాలుడు మరల నోరు తెరవడు. నోరు తెరవనివానికి ఏ నిఘంటువును భాష నేర్పజాలదు. పల్లెనుండి వచ్చిన యెందరో తెలివిగల పిల్లలు ఈ భయముచేతనే వెనుకబడిపోవుచున్నారు. తప్పును మెల్లగా సరిదిద్దుట ఉపాధ్యాయుని ధర్మము. నవ్వకుండుట తోడివారి ధర్మము.

ఇక నర్థము. క్రొత్తమాటకు తెలుగు అర్థము తెలియుట మంచిదే. తెలుగును తరగతినుండి వెళ్లగొట్టినచో ఆంగ్లము వచ్చుననువారి వాదము నిలువదు. తెలిసినదాని యూత లేక తెలియనిది పట్టువడదు. కాని యొక భాషలోని మాటకు మరియొక భాషలో సరిగా సరితూగు మాట యుండుట యరుదు. తెలుగులో 'చూచుట' యను నొక్క మాటకు ఆంగ్లమున సీ, లుక్, వాచ్ అని మూడు మాటలు కలవు. కంటబడుట మొదటిది, దృష్టి త్రిప్పుట రెండవది, కదలుచున్నదానిని కొంతసేపు గమనించుట మూడవది. మరల మేనమామ, పినతండ్రి, పెదతండ్రి యను మూడు బంధుత్వములకు ఆంగ్లమున 'అంకుల్' ఒక్కటే గతి. కావున తెలుగు అర్థము వాకిటివరకు తోడువచ్చును. ఇంటిలోనికి తీసికొనిపోవునది నిర్వచనము.

నిర్వచన మెట్లుండవలెనో తర్కశాస్త్రము చక్కగా నిర్ణయించినది. లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూడు దోషము లుండరాదు. ఆవు కపిలవర్ణము గలది యన్నచో తెల్లయావు తప్పిపోవును, ఇది యవ్యాప్తి. కొమ్ములు గలది యన్నచో గేదెయు చేరును; ఇది యతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది యన్నచో నేయావునకును చెల్లదు, ఇది యసంభవము. గంగడోలు గలది యనుటయే సరియైన లక్షణమని తార్కికులు చెప్పిరి. ఈ పరీక్షను ఆంగ్లపదములపై ప్రయోగింపవచ్చును. 'చెయిర్' అనగా కూర్చుండునది యన్నచో పీటయు, బెంచియు, అరుగును చేరును. కొయ్యతో చేసినది యన్నచో ఇనుపకుర్చీ తప్పిపోవును. ఒకడు కూర్చుండి వీపు నానుకొనుటకు తగినది యన్నపుడు కుర్చీ చిక్కును. తెలిసిన వస్తువులకు తెలిసిన చిన్న ఆంగ్లపదములతో నిట్లు నిర్వచనములు వ్రాయుట యెనిమిదవ తరగతి విద్యార్థికి మిక్కిలి మేలైన యభ్యాసము.

నిర్వచనము చదువరికి తెలిసిన మాటలలో నుండవలెను. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన నిఘంటువు మహాగ్రంథమే. కాని 'నెట్‌వర్క్' అను సామాన్యపదమునకు ఆయన చెప్పిన నిర్వచనము ఆ మాటకంటె కఠినముగా నున్నదని లోకులు నవ్విరి. ఆ నిఘంటువు భాష తెలిసినవారికై వ్రాయబడినది. భాష నేర్చుకొనువారికై నిఘంటువులు తరువాత వెలసినవి. వానికి పునాదులు వేసినవారిలో నిరువురు ఆసియాఖండమున పాఠము చెప్పినవారగుట గమనింపదగినది. మైకేల్ వెస్ట్ అవిభక్త వంగదేశములోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు పనిచేసి, పరభాష చదువు పిల్లల కష్టమును కన్నులార చూచెను. 1935లో తన సహచరునితో కలిసి ప్రకటించిన నిఘంటువులో దాదాపు 24,000 మాటలను, పలుకుబళ్లను కేవలము 1,490 మాటలతో వివరించెను. జపానులో ఆంగ్లము బోధించుచుండిన హార్న్‌బీ తన సహచరులతో కలిసి కూర్చిన విద్యార్థినిఘంటువు 1942లో టోకియో నగరమున వెలువడినది. ప్రతి మాటను వాక్యములో నెట్లు వాడవలెనో చూపుట దాని విశేషము.

తెలుగువారికిని ఇట్టి యుపకారము చేసిన విదేశీయుడు కలడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మదరాసునకు వచ్చి తెలుగు నేర్చెను. 1820లో కడపకు చేరి, కాలక్రమమున పండితులను కూర్చుకొని వ్రాతప్రతులను సేకరించెను. జనుల నోటనున్న వాడుకమాటలను గూడ తన నిఘంటువునందు చేర్చెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. పరభాషాపదములు పుస్తకముల వలన సగమును, మనుష్యుల వలన సగమును లభించునని ఆయన కృషి నిరూపించుచున్నది.

నాలుగవది ప్రయోగము. మాటలకును స్నేహములు కలవు. తెలుగువాడు నీరు త్రాగును, చుట్టయు త్రాగును. అదే క్రియను ఆంగ్లములో చుట్టకు వాడినచో నవ్వు పుట్టును. దానికి 'స్మోక్' అను వేరుమాట కలదు. చిక్కని తేనీటికి 'స్ట్రాంగ్' అను విశేషణము చెల్లును. జోరువానకు 'హెవీ' అనవలెను. తెలుగులోనికి వచ్చి యర్థము మార్చుకొన్న మాటలయెడ మరింత మెలకువ కావలెను. తెలుగువానికి హోటలనగా ముఖ్యముగా భోజనశాల. ఆంగ్లమున బసచేయు చోటు. కరెంటనగా తెలుగున విద్యుత్తే. ఆంగ్లమున నీటిప్రవాహమును గూడ దెలుపును. పాఠములో ప్రశ్న యడుగుటను 'డౌటు' అడుగుట యందురు. ఆంగ్లమున నది యొకదానిని నమ్మకుండుటను దెలుపును. ఇవి పట్టికలలో దొరకవు, వాక్యములలోనే దొరకును.

"అట్లయిన కంఠస్థము చేయుట నిష్ప్రయోజనమా?" యని ప్రశ్నింపవచ్చును. కాదు. పూర్వము బాలురు అమరకోశమును వల్లెవేసిరి. కాని అందు మాటలు విడివిడిగా లేవు. ఒకే యర్థముగల మాటలు ఒకచోట చేరి, లింగభేదముతో సహా, శ్లోకపు నడకలో నుండెను. గురువు ముఖతః విని బిగ్గరగా పలికి నేర్చిరి. అక్కడ ధ్వనియు, బంధువర్గమును కలవు. నేటి పట్టికలో రెండును లేవు. ఆంగ్లపదములకును కుటుంబములు కలవు. సంస్కృతములో నొకే ధాతువునకు ఉపసర్గలు చేరి ఆహారము, విహారము, సంహారము, ప్రహారము అయినట్లే, ఆంగ్లమున 'పోర్ట్' అను మూలము ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ అయినది. ఒక మూలము తెలిసినవానికి నాలుగు మాటలు చేతికందును.

మరపును గూర్చియు శాస్త్రపరిశోధన జరిగినది. జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ అర్థము లేని యక్షరగుంపులను తానే కంఠస్థము చేసి, వానిని మరచు క్రమమును కొలిచి 1885లో ప్రకటించెను. నేర్చినదానిలో హెచ్చుభాగము మొదటి గడియలలోనే జారిపోవుననియు, ఎడమిచ్చి మరల మరల వల్లించినది నిలుచుననియు ఆయన కనుగొనెను. కావున పరీక్షకు ముందు ఒక్కరాత్రి నూరుసార్లు చదువుటకంటె, మరునాడొకసారి, వారమునకొకసారి, నెలకొకసారి పుస్తకము మూసి జ్ఞప్తికి దెచ్చుకొనుట ఫలవంతము.

ఈ చెప్పినదానినంతను ఒక చిన్న పుస్తకములో నాచరింపవచ్చును. ఒక్కొక్క మాటకు పావుపుట కేటాయింపవలెను. మొదట మాటను వ్రాసి, ఊనిక యెచటనో గీతతో గుర్తింపవలెను. దానిక్రింద సులభమైన ఆంగ్ల నిర్వచనమును, ప్రక్కన తెలుగు అర్థమును వ్రాయవలెను. పిదప తన యింటినిగూర్చియో, పొలమునుగూర్చియో, బడినిగూర్చియో తానే యొక వాక్యము కూర్పవలెను. నిఘంటువులోని వాక్యమును నకలు వ్రాసిన చాలదు. స్వయముగా కూర్చిన వాక్యమే మాటను కట్టివేయును. నేడు సెల్‌ఫోనులోని నిఘంటువులు మాటను పలికి వినిపించుచున్నవి. పూర్వులకు లేని భాగ్యమిది, వినియోగించుకొనదగినది. అయినను యంత్రము పలుకగా వినుట సగము పనియే. తాను బిగ్గరగా పలుకుట తక్కిన సగము. ఆ యంత్రము లేనివారు ఉపాధ్యాయుని యడిగి తెలిసికొనుటకు సిగ్గుపడరాదు. తెలియనిది యడుగుట చిన్నతనము కాదు.

ఈ విధముగా దినమునకు మూడు మాటలు చాలును. సంవత్సరమునకు వేయింటికి మించును. నిత్యవ్యవహారమునకు ముఖ్యమైనవని మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన పట్టికలోని మాటలు సుమారు రెండువేలు. అనగా ఎనిమిదవ తరగతిలో మొదలుపెట్టినవాడు పదవ తరగతి చేరునప్పటికి ఆ సంఖ్యను దాటగలడు. ఇందుకు ధనము వలదు, పట్టణవాసము వలదు. పట్టుదలయు, విడువని యభ్యాసమును కావలెను.

మాటలకు ఎల్లలు లేవు. తెలుగువారి పందికొక్కు ఆంగ్లమునకు వలసపోయి 'బాండికూట్' అను పేర నా దేశపు నిఘంటువులలో స్థిరపడినది. ఆంగ్లేయులు దానిని తమ నోటికి తగినట్లు పలికిరేగాని, పలుకుటకు సిగ్గుపడలేదు. తెలుగు విద్యార్థియు అంతటి ధైర్యముతోనే ఆంగ్లపదమును చేపట్టవలెను. విని, పలికి, అర్థమును నిర్వచించుకొని, తన వాక్యములో నిలిపినపుడే ఆ మాట ఆతని సొత్తగును. అంతవరకు నది పుస్తకములోని సిరామరకయే.